అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయింది, ఇప్పుడు ఆప్ట్, డీపీకేజీ రెండూ కదలట్లేదు

ఖాళీ_స్క్రీన్:

ఉబుంటు 22.04. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, /బూట్ (కెర్నల్ ఫైళ్లుండే చోటు) మాత్రం విడి పార్టిషన్. ఆప్ట్ (ప్యాకేజీలను దించే టూల్, దాని కింద అసలు ఇన్‌స్టాల్ పని చేసేది డీపీకేజీ) ఫుల్-అప్‌గ్రేడ్ నడుస్తుండగా కరెంటు పోయి మెషీన్ ఆగిపోయింది. పాత కెర్నల్‌తో బూట్ అవుతోంది, డెస్క్‌టాప్ వస్తోంది, నెట్ పనిచేస్తోంది. కానీ ఏ ప్యాకేజీ పెట్టబోయినా ఇదే మాట:

ఈ: డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్, యూ మస్ట్ మాన్యువల్లీ రన్ 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' టు కరెక్ట్ ది ప్రాబ్లమ్.

అదే కొడితే:

డీపీకేజీ: ఎర్రర్: పార్సింగ్ ఫైల్ '/వార్/లిబ్/డీపీకేజీ/అప్‌డేట్స్/0007' నియర్ లైన్ 0: న్యూలైన్ ఇన్ ఫీల్డ్ నేమ్ '#ప్యాడింగ్'

డిస్క్ ఖాళీ చూపే డీఎఫ్ కొట్టి చూస్తే రూట్ పార్టిషన్‌లో బోలెడంత ఖాళీ ఉంది. /బూట్ మాత్రం 456 ఎంబీలో 412 నిండింది. అందులో 5.15.0-91, 92, 94, 97 నాలుగు కెర్నల్స్ ఉన్నాయి. నడుస్తున్న కెర్నల్ ఏదో చెప్పే యూనేమ్ -ఆర్ 94 అంటోంది. 97కి ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో డిస్క్ తెరవడానికి కెర్నల్ వాడే ఫైలు) లేదు, దాని పేరు చివర '.న్యూ' అని ఉన్న 20 ఎంబీ ఫైలు ఒకటి కనిపిస్తోంది.

లాక్ ఫైళ్లన్నీ తీసేయమని, అప్‌డేట్స్ ఫోల్డర్ మొత్తం ఖాళీ చేయమని చాలాచోట్ల రాశారు. ఇంకా ఏదీ ముట్టుకోలేదు. ఆ సలహా సరైనదేనా? మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయకుండా బాగుచేసుకునే దారి కావాలి.

---

రూట్‌షెల్:

ముట్టుకోకుండా అడగడం మంచిదైంది. ఆ రెండు సలహాల్లో మొదటిది మీకు అక్కర్లేదు, రెండోది అవసరానికి మించినది. కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్‌లో మామూలుగానే కొట్టండి. పెద్దక్షరం, చిన్నక్షరం గొడవ లేకుండా వీలైన చోటల్లా పొడుగు ఆప్షన్లే ఇస్తాను.

లాక్ సంగతి ముందు చెప్తాను. /వార్/లిబ్/డీపీకేజీలో లాక్, లాక్-ఫ్రంటెండ్ అనే ఫైళ్లు ఎప్పుడూ ఉంటాయి. అవి ఉన్నంత మాత్రాన తాళం పడినట్టు కాదు. నడుస్తున్న ప్రాసెస్ ఆ ఫైలు మీద కెర్నల్ ద్వారా వేసుకునేదే అసలు తాళం. ప్రాసెస్ పోతే తాళమూ పోతుంది, రీబూట్ తర్వాత మిగిలే ప్రశ్నే లేదు. ఒక ఆప్ట్ నడుస్తుండగా ఆ ఫైలు డిలీట్ చేశారనుకోండి. పాత ప్రాసెస్ డిలీట్ అయిన ఫైలు మీదే తాళం పట్టుకుని ఉంటుంది, కొత్త ప్రాసెస్ అదే పేరుతో మరో ఫైలు సృష్టించి దాని మీద తాళం వేసుకుంటుంది. ఇద్దరూ ఒకేసారి డేటాబేస్‌లో రాస్తారు. కాబట్టి తీసేయొద్దు. ఎవరు పట్టుకున్నారో చూడాలంటే:

సుడో ఎల్ఎస్ఓఎఫ్ /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్

బూట్ అయిన కాసేపటికి, తనంతట తనే అప్‌డేట్లు పెట్టే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్ పట్టుకోవడం మామూలే. అది వదిలేదాకా ఆగండి.

ఇక ఏ పని చేసే ముందైనా డేటాబేస్‌ను కాపీ చేసి పెట్టుకోండి:

సుడో సీపీ -ఏ /వార్/లిబ్/డీపీకేజీ /రూట్/డీపీకేజీ-కాపీ

ఇప్పుడు మీ ఎర్రర్. డీపీకేజీ దగ్గర ఏ ప్యాకేజీ ఏ దశలో ఉందో రాసిపెట్టే పెద్ద ఫైలు /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్. ఒక్కో ప్యాకేజీ దశ మారినప్పుడల్లా అంత పెద్ద ఫైలునూ తిరగరాయడం ఖర్చు. అందుకని ఆ మార్పును అప్‌డేట్స్ ఫోల్డర్‌లో 0000, 0001 అంటూ అంకెల పేర్లున్న చిన్న ఫైళ్లుగా రాస్తుంది. తర్వాత వాటన్నిటినీ స్టేటస్‌లో కలిపేసి చెరిపేస్తుంది. ఆ ఫోల్డర్‌లో అంకెల పేరున్న ఫైలు మిగిలి ఉందంటే పని మధ్యలో ఆగిందని ఆప్ట్ లెక్క. 'డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్' అనే సందేశం అలా వచ్చిందే. మీ 0007 రాస్తుండగానో, రాసింది డిస్క్ మీదికి చేరేలోపో కరెంటు పోయింది. లోపల చెత్త మిగిలింది.

0000 నుంచి 0006 దాకా బాగున్నాయి కాబట్టే డీపీకేజీ వాటిని దాటి 0007 దగ్గర ఆగింది. ఫోల్డర్ మొత్తం ఖాళీ చేస్తే ఆ ఏడు మార్పులు కూడా పోతాయి. అందులో నిజంగా పూర్తయిన పనులు ఉండొచ్చు. పాడైనది ఒక్కటే పక్కకు తీయండి:

సుడో ఎంవీ /వార్/లిబ్/డీపీకేజీ/అప్‌డేట్స్/0007 /రూట్/

ఆ తర్వాత 0008 మీద కూడా అదే ఎర్రర్ వస్తే దాన్నీ అలాగే తీయండి. తీసేసిన ఫైలు ఏ ప్యాకేజీదో తెలుసుకోవాలి, ఎందుకంటే దాని విషయంలో డేటాబేస్‌లో ఉన్నది ఒకటి, డిస్క్ మీద జరిగింది మరొకటి కావొచ్చు. లాగ్ చివర చూడండి:

సుడో గ్రెప్ -ఏ స్టేటస్ /వార్/లాగ్/డీపీకేజీ.లాగ్ | టెయిల్ -ఎన్ 30

-ఏ మర్చిపోవద్దు. కరెంటు పోయినప్పుడు లాగ్ చివర కూడా శూన్య బైట్లు పడి ఉండొచ్చు, అది లేకపోతే గ్రెప్ 'బైనరీ ఫైల్ మ్యాచెస్' అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది.

అక్కడ ఆఖరున కనిపించే రెండు మూడు ప్యాకేజీల పేర్లు రాసి పెట్టుకోండి. అంతా అయ్యాక వాటిని --రీఇన్‌స్టాల్ చేయాలి.

స్టేటస్ ఫైలు బాగుందో లేదో కూడా ఒకసారి చూడండి. 'డీపీకేజీ --లిస్ట్' ఎర్రర్ లేకుండా చివరిదాకా వస్తే బాగున్నట్టే. అదే పాడైతే పక్కనే ఉన్న స్టేటస్-ఓల్డ్ మొదటి దిక్కు. అదీ పాడైతే /వార్/బ్యాకప్స్‌లో డీపీకేజీ.స్టేటస్.0, ఆ తర్వాత .1.జీజడ్, .2.జీజడ్ అని పాత కాపీలు ఉంటాయి. వాటిని వాడితే ఆ కాపీ తీసిన తర్వాత జరిగిన ఇన్‌స్టాళ్లన్నీ డేటాబేస్‌కు తెలియవు. /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్ చూసి ఆ ప్యాకేజీలను మళ్లీ పెట్టుకోవాలి.

ఇక్కడిదాకా చేసి ఆగండి. కాన్ఫిగర్ -ఏ ఇప్పుడే కొట్టొద్దు, /బూట్ సంగతి తేలాలి.

---

ఇనిట్‌రామ్_పని:

రూట్‌షెల్ గారు సరైన చోట ఆపారు. చోటు లేకుండా కాన్ఫిగర్ -ఏ నడిపితే 97 కెర్నల్ పోస్ట్‌ఇన్‌స్ట్ (ఇన్‌స్టాల్ చివర నడిచే స్క్రిప్టు) ఫెయిల్ అవుతుంది, దాని మీద ఆధారపడిన మెటాప్యాకేజీలు (వేరే ప్యాకేజీలను లాక్కొచ్చేవి) ఫెయిల్ అవుతాయి, స్క్రీన్ నిండా ఎర్రర్లు పడి అసలు కారణం ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. ఇలాంటప్పుడు ఎప్పుడూ మొదటి ఎర్రరే చదవాలి. కింద వచ్చే 'డిపెండెన్సీ ప్రాబ్లమ్స్ - లీవింగ్ అన్‌కాన్ఫిగర్డ్' అన్నీ దాని వెనక వచ్చినవే.

ముందు లెక్క వేసుకుందాం. మీరు చెప్పిన 412 ఎంబీని బట్టి ఒక్కో ఇనిట్‌ఆర్‌డీ 105 ఎంబీ దాకా ఉండాలి. వీఎమ్‌లినజ్, సిస్టమ్.మ్యాప్ అనే మిగతా కెర్నల్ ఫైళ్లు కలిపితే కెర్నల్‌కు సుమారు 122 ఎంబీ. ఖాళీ ఉన్నది 44. 91 ఒక్కటి తీసి, ఆ '.న్యూ' ముక్క తీసేస్తే 186 అవుతుంది, 97కి 105 పోను 81 మిగులుతుంది. చాలు కదా అనిపిస్తుంది. చాలదు. ఇనిట్‌ఆర్‌డీ కట్టే అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, ఉన్న ఫైలు మీదే రాయదు. పక్కన '.న్యూ' పేరుతో పూర్తి కొత్త కాపీ తయారు చేసి, అది అయ్యాకే పేరు మారుస్తుంది. కాన్ఫిగర్ చివర ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ ట్రిగ్గర్ 97కి మళ్లీ ఒకసారి ఇనిట్‌ఆర్‌డీ కట్టబోతుంది, అప్పుడు మరో 105 కావాలి. 81లో ఎక్కడ పడుతుంది? ఒక్క కెర్నల్ తీసిన వాళ్లకు 'మళ్లీ నో స్పేస్ అంటోంది' అని వచ్చేది ఇందుకే.

అందుకని 91, 92 రెండూ తీయండి. నడుస్తున్న 94 ఉంటుంది, కొత్త 97 ఉంటుంది, అవి చాలు.

ముందు సగం ముక్క:

సుడో ఆర్ఎమ్ /బూట్/ఇనిట్ఆర్డీ.ఐఎంజీ-5.15.0-97-జెనరిక్.న్యూ

డీకేఎంఎస్ (బయటి డ్రైవర్లను కెర్నల్‌కు తగ్గట్టు కట్టే టూల్) వాడే మెషీన్లలో పేరు చివర '.ఓల్డ్-డీకేఎంఎస్' అని పాత ఇనిట్‌ఆర్‌డీ కాపీలు పడి ఉంటాయి. ఉంటే అవీ తీసేయొచ్చు.

తర్వాత కెర్నల్స్. ప్యాకేజీని పూర్తిగా తీసేసే ఆప్ట్ పర్జ్ ఇప్పుడు ఒప్పుకోదు, ముందు డిపెండెన్సీలు సరిచేయమంటుంది. అవి సరవ్వాలంటే /బూట్‌లో చోటు కావాలి. ఈ ముడి విప్పాలంటే డీపీకేజీతోనే నేరుగా తీయాలి:

డీపీకేజీ --లిస్ట్ 'లినక్స్-*5.15.0-91*' 'లినక్స్-*5.15.0-92*'

వరుస మొదట 'ఐఐ' (సరిగ్గా ఇన్‌స్టాల్ అయింది) అని ఉన్న లినక్స్-ఇమేజ్, లినక్స్-మాడ్యూల్స్, లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా పేర్లన్నీ ఒకే కమాండ్‌లో ఇవ్వండి:

సుడో డీపీకేజీ --పర్జ్ లినక్స్-ఇమేజ్-5.15.0-91-జెనరిక్ లినక్స్-మాడ్యూల్స్-5.15.0-91-జెనరిక్ లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా-5.15.0-91-జెనరిక్

92కి కూడా ఇలాగే. విడివిడిగా ఇస్తే ఒకటి తీయాలంటే ఇంకొకటి అడ్డం వస్తుంది. ఒకేసారి ఇస్తే ఏది ముందు తీయాలో డీపీకేజీ చూసుకుంటుంది. హెడర్లు /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీలో ఉంటాయి, వాటిని తీసినా /బూట్‌కు ఒక్క ఎంబీ కలిసిరాదు. తర్వాత ఆటోరిమూవ్ చూసుకుంటుంది.

పర్జ్ కూడా మొరాయిస్తే 91 ఇనిట్‌ఆర్‌డీని /రూట్‌లోకి ఎంవీ చేసి చోటు చేసుకోండి. ఆర్ఎమ్ కొట్టకండి. బూట్‌లో కెర్నల్ ఎంచుకునే గ్రబ్ మెనూలో ఆ ఎంట్రీ అప్పటికి పనిచేయదు, అంతే.

డీఎఫ్ -హెచ్ /బూట్‌లో 300 ఎంబీ దాకా ఖాళీ కనిపించాకే:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. 97కి ఇనిట్‌ఆర్‌డీ పూర్తిగా తయారయ్యేదాకా రీబూట్ చేయొద్దు. గ్రబ్ అన్నిటికంటే కొత్త కెర్నల్‌నే ఎంచుకుంటుంది. ఇనిట్‌ఆర్‌డీ లేని కెర్నల్‌కు ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్ తెరవడం తెలియదు, 'వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్' అని ప్యానిక్ అవుతుంది. కరెంటు మళ్లీ పోయి అదే జరిగితే గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి 94 ఎంచుకోండి.

/బూట్ పెంచే వీలు లేకపోతే /ఎట్సి/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్.కాన్ఫ్‌లో మాడ్యూల్స్=మోస్ట్ ఉన్నచోట డెప్ అని పెట్టొచ్చు. ఆ మెషీన్‌కు కావలసిన డ్రైవర్లే పడతాయి, ఫైలు బాగా చిన్నదవుతుంది. కానీ ఆ డిస్క్‌ను రేపు వేరే మెషీన్‌లో పెడితే బూట్ కాకపోవచ్చు. ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట నేనైతే మోస్ట్ మార్చను. కంప్రెస్=ఎక్స్‌జడ్ పెట్టుకోవడం నయం: ఫైలు చిన్నదవుతుంది, కట్టడానికీ బూట్‌లో విప్పడానికీ కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

---

ఖాళీ_స్క్రీన్:

0007 తీయగానే పార్సింగ్ ఎర్రర్ పోయింది. 91, 92 పర్జ్ అయ్యాయి, /బూట్‌లో 306 ఎంబీ ఖాళీ. కాన్ఫిగర్ -ఏ చాలామటుకు పూర్తి చేసింది, 97 ఇనిట్‌ఆర్‌డీ 105 ఎంబీతో వచ్చింది. రెండు మిగిలాయి.

ఒకటి, కప్స్-డెమన్ (ప్రింటింగ్ సర్వీసు): 'ప్యాకేజ్ ఈజ్ ఇన్ ఎ వెరీ బ్యాడ్ ఇన్‌కన్సిస్టెంట్ స్టేట్; యూ షుడ్ రీఇన్‌స్టాల్ ఇట్ బిఫోర్ అటెంప్టింగ్ కాన్ఫిగరేషన్'. లాగ్‌లో చివరన కనిపించిన పేర్లలో ఇదీ ఉంది.

రెండు, పైథాన్ ప్యాకేజీలు కొన్ని 'ఇన్‌స్టాల్డ్ పోస్ట్-ఇన్‌స్టలేషన్ స్క్రిప్ట్ రిటర్న్డ్ ఎర్రర్ ఎగ్జిట్ స్టేటస్ 1'. పైన పై3కంపైల్ (ఇన్‌స్టాల్‌లో పైథాన్ ఫైళ్లను కంపైల్ చేసేది) ట్రేస్‌బ్యాక్ ఉంది. ఆప్ట్ అప్‌డేట్ చివర కూడా 'నో మాడ్యూల్ నేమ్డ్ ఆప్ట్_పీకేజీ' అంటోంది. పోస్ట్‌ఇన్‌స్ట్ ఫైలు మొదట్లో ఎగ్జిట్ 0 పెడితే దాటిపోతుందని ఒకచోట చదివాను. పెట్టొచ్చా?

---

పోస్ట్‌ఇన్‌స్ట్_చదువరి:

పెట్టొద్దు. పోస్ట్‌ఇన్‌స్ట్ అంటే ప్యాకేజీ తన యూజర్‌ను సృష్టించుకునేది, సర్వీసును ఎనేబుల్ చేసుకునేది, పాత కాన్ఫిగ్‌ను కొత్త రూపంలోకి మార్చుకునేది. ఎగ్జిట్ 0 పెడితే అవేవీ జరగవు, డీపీకేజీ మాత్రం 'ఐఐ' అని రాసేసుకుంటుంది. ఎర్రర్ కనబడకుండా పోతుంది, లోపం ఉండిపోతుంది. ఎప్పుడో ఆ సర్వీసు లేవనప్పుడు దీన్ని ఎవరూ గుర్తుపట్టలేరు.

పైథాన్‌ది ముందు చూద్దాం, కారణం దాదాపు తెలిసిపోతోంది.

ఎల్ఎస్ -ఎల్ /యూఎస్ఆర్/బిన్/పైథాన్3
/యూఎస్ఆర్/బిన్/పైథాన్3 --వర్షన్

22.04లో అది పైథాన్3.10ని చూపాలి. /ఎట్సి/ఆల్టర్నేటివ్స్ (ఒకే పేరుకు ఏ వెర్షన్ నడవాలో ఎంచే లింకులు) వైపో, 3.12 వైపో చూపిస్తుంటే అదే జబ్బు. ఆప్ట్_పీకేజీ అనేది సీ++లో రాసి కంపైల్ చేసిన మాడ్యూల్, ఫైలు పేరులోనే సీపైథాన్-310 అని ఉంటుంది. వేరే వెర్షన్ పైథాన్‌కు అది కనబడదు. పై3కంపైల్ కూడా /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 మీదే నడుస్తుంది. డిస్ట్రో పైథాన్‌ను మార్చిన మరుక్షణం ఏమీ తెలియదు, పెద్ద అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు బయటపడుతుంది. కరెంటు పోవడానికీ దీనికీ సంబంధం ఉండకపోవచ్చు.

ఆల్టర్నేటివ్స్ ద్వారా మార్చి ఉంటే:

సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పైథాన్3
సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ పైథాన్3.10 /యూఎస్ఆర్/బిన్/పైథాన్3

మొదటిది కొట్టాక పైథాన్3 లింకే మాయమవుతుంది. రెండోది వెంటనే కొట్టండి. కొత్త పైథాన్ కావాలంటే పైథాన్3.12 అని పూర్తి పేరుతో పిలుచుకోవచ్చు, లేదా వీఎన్వ్ (విడి పైథాన్ ఫోల్డర్) కట్టుకోవచ్చు. /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో పైథాన్3 ఉందేమో కూడా చూడండి. పూర్తి దారి రాయకుండా పైథాన్3 అని మాత్రమే పిలిచే స్క్రిప్టులకు ముందు అదే దొరుకుతుంది.

ఆ తర్వాత కాన్ఫిగర్ -ఏ మళ్లీ నడపండి. ఇంకా ఏదైనా పోస్ట్‌ఇన్‌స్ట్ ఫెయిల్ అయితే, ఆ ప్యాకేజీ పేరుతో /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫోలో ఉన్న .పోస్ట్‌ఇన్‌స్ట్ ఫైలు తెరిచి చదవండి. చాలావరకు మామూలు షెల్ స్క్రిప్టులే. రెండో లైన్‌గా 'సెట్ -ఎక్స్' చేర్చి, ఆ ఒక్క ప్యాకేజీనే కాన్ఫిగర్ చేయండి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ ప్యాకేజీపేరు

స్క్రిప్టును విడిగా ఎస్‌హెచ్ -ఎక్స్‌తో నడపొచ్చు కానీ, డీపీకేజీ ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, పాత వెర్షన్ నంబరు లాంటివి అప్పుడు అందవు. ఫలితం తేడాగా ఉండొచ్చు. ప్లస్ గుర్తుతో వచ్చే వరుసల్లో చివరిది ఏ కమాండో అదే ఫెయిల్ అయింది. ఎక్కువసార్లు అది సర్వీసు స్టార్ట్ కాకపోవడమే, అప్పుడు సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్, జర్నల్‌సీటీఎల్ -యూ చూడాలి. లోపం ప్యాకేజీలో కాదు, సర్వీసు కాన్ఫిగ్‌లో ఉంటుంది. పని అయ్యాక సెట్ -ఎక్స్ తీసేయండి.

ఇక కప్స్-డెమన్. 'వెరీ బ్యాడ్' అంటే ఫైళ్లు పరుస్తుండగా సగంలో ఆగిందని. డీపీకేజీ --లిస్ట్‌లో దాని వరుస మొదట మూడో అక్షరంగా పెద్ద 'ఆర్' కనిపిస్తుంది, మళ్లీ పెట్టాల్సిందే అని దాని అర్థం. సగం ఫైళ్లు పాతవి, సగం కొత్తవి. కాన్ఫిగర్ చేయడానికి అక్కడ పూర్తి ప్యాకేజీ లేదు, అందుకే డీపీకేజీ ఒప్పుకోదు. /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్‌లో ఉన్న డెబ్‌ను, అంటే ప్యాకేజీ ఫైలును నమ్మకండి, అదీ సగమే రాసి ఉండొచ్చు. కొత్తగా దించండి:

ఆప్ట్ డౌన్‌లోడ్ కప్స్-డెమన్
సుడో డీపీకేజీ --ఇన్‌స్టాల్ ./కప్స్-డెమన్_*.డెబ్
సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

మూడోది ఎంటర్ కొట్టే ముందు 'ది ఫాలోయింగ్ ప్యాకేజెస్ విల్ బి రిమూవ్డ్' కింద ఏముందో చదవండి. అక్కడ డెస్క్‌టాప్ పేరో, పెద్ద జాబితాయో కనిపిస్తే 'ఎన్' కొట్టి ఇక్కడ అతికించండి.

--ఫోర్స్-రిమూవ్-రీఇన్‌స్ట్‌రెక్ అనే ఆప్షన్ గురించి చదివే ఉంటారు. డెబ్ ఎక్కడా దొరకని బయటి ప్యాకేజీలకు అది ఆఖరి మార్గం. ఉబుంటు రెపోలో ఉన్న ప్యాకేజీకి దానితో పనిలేదు.

---

లైబ్రరీ_లింక్:

ఇక్కడ డీపీకేజీ ఇంకా నడుస్తోంది కాబట్టి పని తేలికైంది. దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే సీ లైబ్రరీ మారుతుండగా ఆగి, ఎల్ఎస్ కూడా నడవని స్థితికి వచ్చినవాళ్ల కోసం ఇది.

అదే వెర్షన్ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, డిస్క్ మౌంట్ చేసి, క్రూట్‌లోకి (అంటే ఆ డిస్క్‌లోని సిస్టమ్ లోపలికి) వెళ్లాలి. ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్ అయితే ముందు క్రిప్ట్‌సెటప్ ఓపెన్, తర్వాత వీజీచేంజ్ -ఏవై. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. క్రిప్ట్‌సెటప్ ఓపెన్ చేసేటప్పుడు మ్యాపింగ్‌కు నోటికొచ్చిన పేరు పెట్టొద్దు. డిస్క్ లోపల /ఎట్సి/క్రిప్ట్‌ట్యాబ్‌లో మొదటి గడిలో ఉన్న పేరే పెట్టాలి. ఆ పేరు తెలియాలంటే ముందొకసారి ఏదో పేరుతో తెరిచి, ఫైలు చదివి, మూసి, సరైన పేరుతో మళ్లీ తెరవండి. పేరు కలవకపోతే క్రూట్‌లో కట్టిన ఇనిట్‌ఆర్‌డీలో డిస్క్ తెరిచే భాగం పడదు. వార్నింగ్ ఒకటి వస్తుంది, ఎవరూ పట్టించుకోరు, రీబూట్ అయ్యాక పాస్‌వర్డ్ కూడా అడగకుండా బిజీబాక్స్ అనే అత్యవసర షెల్‌లో పడేస్తుంది.

రూట్‌ను /ఎంఎన్‌టీ మీద, దానిలో /బూట్, /బూట్/ఈఎఫ్ఐ మౌంట్ చేసి, /డెవ్, /ప్రోక్, /సిస్, /రన్ నాలుగూ మౌంట్ --బైండ్ చేసి, క్రూట్ /ఎంఎన్‌టీ. లోపల పైన చెప్పిన పనులే.

క్రూట్ కూడా నడవకపోతే, అంటే లోపలి సీ లైబ్రరీయే పోతే, లిబ్‌సీ6 డెబ్‌ను బయటి నుంచే విప్పాలి:

డీపీకేజీ-డెబ్ --ఎఫ్ఎస్‌వైఎస్-టార్‌ఫైల్ లిబ్‌సీ6_*.డెబ్ | సుడో టార్ -ఎక్స్ --కీప్-డైరెక్టరీ-సిమ్‌లింక్ -సీ /ఎంఎన్‌టీ

చివరి -సీ పెద్దక్షరం. --కీప్-డైరెక్టరీ-సిమ్‌లింక్ లేకుండా ఈ కమాండ్ ఎప్పుడూ కొట్టొద్దు. ఇప్పటి సిస్టమ్‌లలో /లిబ్ అనేది /యూఎస్ఆర్/లిబ్‌కు లింక్ మాత్రమే, 22.04 డెబ్‌లలో మాత్రం ఇంకా ./లిబ్ అనే డైరెక్టరీ ఉంటుంది. టార్ తన అలవాటు ప్రకారం ఆ లింక్ తీసేసి ఆ స్థానంలో నిజమైన డైరెక్టరీ పెడుతుంది. ఆ క్షణం నుంచి మిగతా లైబ్రరీలేవీ /లిబ్‌లో దొరకవు, ఉన్న సమస్య ఇంకా పెద్దదవుతుంది. ఇలా విప్పడం క్రూట్ నడిచేలా చేయడానికే. క్రూట్ తెరుచుకోగానే అదే డెబ్‌ను డీపీకేజీ --ఇన్‌స్టాల్‌తో సక్రమంగా మళ్లీ పెట్టాలి, లేకపోతే డేటాబేస్‌కు ఈ సంగతి తెలియదు.

---

రోలింగ్_రిలీజ్:

మధ్యలో ఒక ప్రశ్న. నాది ఆర్చ్ లినక్స్. దాని ప్యాకేజీ టూల్ ప్యాక్‌మ్యాన్ 'అనేబుల్ టు లాక్ డేటాబేస్' అంటే /వార్/లిబ్/ప్యాక్‌మ్యాన్/డీబీ.ఎల్‌సీకే తీసేయమని అందరూ చెప్తారు. రూట్‌షెల్ గారు చెప్పిన ప్రమాదం అక్కడా ఉందా?

రూట్‌షెల్:

అక్కడ పద్ధతి వేరు. ప్యాక్‌మ్యాన్‌కు ఆ ఫైలు ఉండడమే తాళం. పని అయ్యాక తనే తీసేస్తుంది. కరెంటు పోతే ఫైలు మిగిలిపోతుంది, దానంతట అది పోదు. అందుకని ప్యాక్‌మ్యాన్ గానీ, దాన్ని వాడే గ్రాఫికల్ టూల్ గానీ నడవట్లేదని పీఎస్‌లో చూసుకుని తీసేయడమే సరైన పని. తర్వాత ఆగిపోయిన అప్‌గ్రేడ్‌ను -ఎస్‌వైయూతో పూర్తిగా మళ్లీ నడపండి. ఒక్క ప్యాకేజీ కోసం -ఎస్‌వై వాడొద్దు, లైబ్రరీ కొత్తది, ప్రోగ్రామ్ పాతది అయి కూర్చుంటాయి.

ఫెడోరా వాళ్లకు (అక్కడ ప్యాకేజీ టూల్ డీఎన్ఎఫ్): ముందు డీఎన్ఎఫ్ చెక్, రెండేసి వెర్షన్లు మిగిలిపోతే పాతవి తీసేసి, తర్వాత డిస్ట్రో-సింక్. ఆర్‌పీఎం --రీబిల్డ్‌డీబీ డేటాబేస్ చదవలేకపోతున్నప్పుడు మాత్రమే, అదీ కాపీ తీసుకున్నాకే.

---

ఖాళీ_స్క్రీన్:

/యూఎస్ఆర్/బిన్/పైథాన్3 ఆల్టర్నేటివ్స్ మీదుగా 3.12కి పోతోంది. 3.10కి తిప్పగానే పైథాన్ ప్యాకేజీలన్నీ కాన్ఫిగర్ అయ్యాయి, ఆప్ట్ అప్‌డేట్ శుభ్రంగా వచ్చింది. కప్స్-డెమన్ కొత్త డెబ్‌తో పడింది. ఫిక్స్-బ్రోకెన్ ఏదీ తీసేయమనలేదు. ఇప్పుడు ఎలాంటి ఎర్రరూ లేదు. రీబూట్ చేసే ముందు ఇంకేం చూడాలి? డీపీకేజీ --వెరిఫై నడిపితే చాలా వరుసలు వచ్చాయి, కొన్నిట్లో ప్రశ్నార్థకాల మధ్య 5 అంకె, కొన్నిట్లో 'మిస్సింగ్'.

---

పోస్ట్‌ఇన్‌స్ట్_చదువరి:

ముందు ఈ రెండూ:

సుడో డీపీకేజీ --ఆడిట్
సుడో ఆప్ట్-గెట్ చెక్

మొదటిది ఏమీ చెప్పకుండా తిరిగి రావాలి, రెండోదానిలో 'ఈ:' అని మొదలయ్యే వరుస ఉండకూడదు. ఇవి డేటాబేస్‌ను మాత్రమే చూస్తాయి. డిస్క్ మీద ఫైళ్లు నిజంగా బాగున్నాయా అన్నది చెప్పేది వెరిఫైయే. కరెంటు పోయినప్పుడు డేటాబేస్ సరిగ్గా ఉండి, ఫైళ్లు మాత్రం సున్నా బైట్లతో మిగలడం జరుగుతుంది.

5 అంటే ప్యాకేజీ ఇచ్చినప్పటి ఎండీ5 మొత్తంతో ఫైలు కలవలేదని. ఆ వరుసలో దారికి ముందు 'సీ' అక్షరం ఉంటే అది కాన్ఫిగ్ ఫైలు, ఎవరో మార్చి ఉంటారు, వదిలేయండి. 'సీ' లేకుండా /యూఎస్ఆర్ కింద 5 కనిపిస్తే అది పాడైన ఫైలు. 'మిస్సింగ్' వరుసల్లో /యూఎస్ఆర్/షేర్/డాక్, మ్యాన్, లొకేల్ కింద ఉన్నవి స్థలం కోసం తీసేసే టూల్స్ వల్ల కావొచ్చు, తొందర లేదు. /యూఎస్ఆర్/లిబ్, /యూఎస్ఆర్/బిన్ కింద ఉన్నవి మాత్రం వదలొద్దు. ఫైలు ఎవరిదో అడిగి మళ్లీ పెట్టండి:

డీపీకేజీ --సెర్చ్ /యూఎస్ఆర్/లిబ్/ఫలానా
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ ప్యాకేజీపేరు

'నో పాత్ ఫౌండ్' అంటే ముందున్న /యూఎస్ఆర్ తీసేసి /లిబ్/ఫలానా అని అడగండి. డెబ్‌లో ఏ దారి రాసి ఉందో అదే డేటాబేస్‌కు తెలుసు, లింక్ సంగతి దానికి తెలియదు.

0007 తీసినప్పుడు రాసిపెట్టుకున్న పేర్లలో కప్స్-డెమన్ కాక మిగిలినవాటికి కూడా వెరిఫైలో ఏం వచ్చినా రాకపోయినా రీఇన్‌స్టాల్ కొట్టేయండి.

ఇనిట్‌రామ్_పని:

రీబూట్‌కు ముందు నా వైపు నుంచి ఒక్కటి:

సుడో ఎల్ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ /బూట్/ఇనిట్ఆర్డీ.ఐఎంజీ-5.15.0-97-జెనరిక్ | గ్రెప్ -ఈ క్రిప్ట్‌సెటప్ -ఈ క్రిప్ట్‌ట్యాబ్

క్రిప్ట్‌సెటప్ ప్రోగ్రామ్, క్రిప్ట్‌ట్యాబ్ ఫైలు రెండూ జాబితాలో కనబడాలి. కనబడితే రీబూట్ చేయండి. కనబడకపోతే అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ -కే 5.15.0-97-జెనరిక్ నడిపి, అది ఇచ్చే వార్నింగ్ మొత్తం ఇక్కడ పెట్టండి. 97తో బూట్ అయ్యి రెండు మూడు రోజులు బాగా నడిచేదాకా 94ని తీయొద్దు, /రూట్/డీపీకేజీ-కాపీని కూడా.